గ్రీసు అక్కకు ఆరడుగుల నేల

మొన్న మా పక్కింటి అక్కను సాగనంపి ఇంటికొచ్చి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే గుమ్మంలో కూర్చుని, కాఫీ గ్లాసు అందుకుంటూ నేను అన్న మొదటి మాట "హమ్మయ్య". మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నలభై ఏళ్ళు గోడకు అటూ ఇటూ బతికిన మనిషి పోతే ఎవరైనా ఏడుస్తారు గానీ హమ్మయ్య అంటారా అని ఆ చూపుకు అర్థం. ఏడవలేదని కాదు. ఏడుపు పొద్దున అయింది, హమ్మయ్య సాయంత్రం వచ్చింది. అది ఎందుకు వచ్చిందో చెప్పాలంటే అక్క సంగతి చెప్పాలి.

ఆమె గ్రీసు దేశపు మనిషి. సత్తెనపల్లి దగ్గర మిరపా పత్తీ పండించుకునే మా ఊరికి గ్రీసు కోడలు ఎలా వచ్చిందంటే, ఓడ మీద వచ్చిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి విమానంలో మద్రాసు వచ్చింది, అక్కణ్ణుంచి రైల్లో గుంటూరు, అక్కణ్ణుంచి ఎర్రబస్సు. ఓడ సంగతి ఆమె మొగుడిది. ఆయన గ్రీకు వాళ్ళ సరుకు ఓడల్లో ఇంజను పని చేసేవాడు. ఒకసారి ఓడ పాడై వాళ్ళ ఊరి రేవులో చాలాకాలం ఆగిపోయింది. ఆ రేవు పక్క వీధిలో రొట్టెలు కాల్చి అమ్మే వాళ్ళ అమ్మాయి ఈమె. ఓడ బాగుపడింది గానీ మనవాడు బాగుపడలేదని మా ఆయన వేళాకోళం చేస్తుండేవాడు.

ఆమె పేరు రాయను. రాసినా మా ఊళ్ళో సగం మంది గుర్తుపట్టరు. ఆ పేరుకు నోరు తిరగక ఎప్పుడో వదిలేశారు. పెద్దవాళ్ళు గ్రీసమ్మాయి అన్నారు, మేం గ్రీసక్క అన్నాం, మా పిల్లలకు గ్రీసు పెద్దమ్మ అయింది.

మొదట్లో ఆమె అంటే నాకు ఒళ్ళు మండేది. నేను పర్చూరు నుంచి కాపురానికి వచ్చిన వారంలోనే ఆమె దిగింది. కొత్త కోడలు వచ్చిందంటే వీధంతా వచ్చి, చీర అంచు పట్టి చూసి, జడ ఎంత పొడుగుందో చెప్పుకుని, పేరు అడిగి సిగ్గుపడేలా చేసి వెళ్ళాలి. ఏ ఆడపిల్లకైనా ఆ వైభోగం ఒక్కసారే. నా వంతు వచ్చేసరికి జనమంతా పక్కింటి మీద పడ్డారు. పక్క ఊళ్ళ నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. మా అత్తగారు నన్ను పప్పు రుబ్బుతూ ఉండమని చెప్పి, తను పోయి వాళ్ళ అరుగు మీద కూర్చుంది. నేను మంగళగిరి చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని, రుబ్బురోలు ముందు ఒక్కదాన్నే మిగిలాను.

ఒక మధ్యాహ్నం వెనక గుమ్మం నుంచి ఆమే మా ఇంట్లోకి వచ్చింది. చీర వాళ్ళ అత్తగారు చుట్టబెట్టినట్టుంది, ఎక్కడికక్కడ జారిపోతోంది. రెండు చేతుల్తో కుచ్చిళ్ళు పట్టుకుని నడుస్తోంది. నా ముందు కూలబడి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ళ భాషలో ఏదో మెచ్చుకున్నట్టు అన్నది. అని, నా మొహం మీదే తూ తూ తూ అని ఉమ్మింది. నేను కెవ్వున అరిచాను.

మా అత్తగారు పరిగెత్తుకుంటూ వచ్చి చూసి నవ్వింది. "అరవమాకే పిచ్చిమొద్దూ! ముద్దుగా ఉన్నావని, దిష్టి తగలకుండా తూ కొడతంది. వాళ్ళకీ దిష్టి ఉందంటే ఇంకేం, మనోళ్ళే" అన్నది.

ఊరు ఊరంతా ఆమెను చూడ్డానికి పోతే, ఆమె ఒక్కతే నన్ను చూడ్డానికి వచ్చింది. ఆ రోజు నుంచి కోపం పెట్టుకుందామని ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు.

తెలుగు ఆమెకు వాళ్ళ అత్తగారే నేర్పింది. ఆ అత్తగారు నోరు తెరిస్తే తిట్టే. దాంతో అక్కకు మర్యాదల కన్నా ముందు తిట్లు వచ్చాయి. తెల్లటి మనిషి, నీలం కళ్ళు, మెళ్ళో చిన్న వెండి శిలువ, ఆ మనిషి వీధిలో నిలబడి పాలవాడితో "నీ దుంపతెగ, ఇయ్యి పాలా కడుగునీళ్ళా?" అంటుంటే కొత్తవాళ్ళు సైకిలు దిగి చూసేవాళ్ళు. 'చ' మాత్రం చివరిదాకా పలకలేదు. నన్ను "త్సెల్లీ" అనేది. ఆ పిలుపు ఇంకెవరి నోటా నాకు వినపడదు కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకో ఇబ్బంది ఆమె తల ఊపడంలో ఉండేది. వద్దు అనడానికి వాళ్ళు తల అడ్డంగా తిప్పరట. కనుబొమలు ఎత్తి, గడ్డం కాస్త పైకి ఎగరేస్తారు. మన దగ్గర గడ్డం ఎగరేస్తే 'ఏంటీ?' అని అడిగినట్టు. వాళ్ళ మరిది "కాఫీ తాగుతావా వదినా?" అని అడిగేవాడు. ఆమె గడ్డం ఎగరేసేది. వినపడలేదేమో అనుకుని ఆయన "కాఫీ వదినా, కాఫీ!" అని గొంతు పెంచేవాడు. ఆమె మళ్ళీ ఎగరేసేది. చివరికి వీధి మొగ దాకా వినపడేలా ఒక్క కేక వేసి, ఇంక లాభం లేదని గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఆమె తాగేసేది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఇదే భాగోతం.

ఆ మరిది గురించి ఇక్కడే చెప్పేయాలి. మాట తక్కువ, గొంతు ఎక్కువ. అన్న ఓడల మీద ఉన్నన్నాళ్ళూ ఇల్లు, పొలం, అన్న కొడుకు చదువు అన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. పొలం ఈ రోజుకీ పంచుకోలేదు. ఆయన ఒకసారి అనేశాడంటే ఆ ఇంట్లో రెండో మాట ఉండదు. నాకు ఆయన వరసకు అన్నయ్య. అన్నయ్యే గానీ, ఆయనతో నేను పోట్లాడినంతగా నా తోడబుట్టినవాళ్ళతో కూడా పోట్లాడలేదు.

అక్క తన వెంట తెచ్చుకున్నది ఒక్క పటం. బంగారు రంగు చెక్క మీద బిడ్డనెత్తుకున్న మరియమ్మ. దాన్ని తూర్పు గోడకు పెట్టుకుని, ముందు చిన్న దీపం వెలిగించేది. వాళ్ళ దేశంలో ఆలివు నూనెతో వెలిగిస్తారట. ఇక్కడ అదెక్కడ దొరుకుతుంది? నువ్వుల నూనె పోసేది. అదే గోడకు ఇంకో పక్క అత్తగారి దేవుడి గూడు. రెండు దీపాలకూ ఒకటే నూనె గిన్నె. తర్వాత్తర్వాత అత్తగారికి చూపు మందగించి, చేతులు వణకడం మొదలయ్యాక రెండు దీపాలూ అక్కే వెలిగించింది. అటు దణ్ణం మాత్రం పెట్టేది కాదు. "దణ్ణం అత్తయ్యది. వత్తి నాది. అత్తయ్య చేతులు వణుకుతున్నాయని దేవుడికి తెలీదా?" అనేది. ఆ ముసలావిడకు అన్నం కలిపి పెట్టడం, పేలు చూడటం, ఆఖరికి బట్టలు మార్చడం, అన్నీ అక్కే చేసింది. చేస్తూ తిట్టేది. తిట్టించుకుంటూ ఆవిడ మురిసిపోయేది, తను నేర్పిన తిట్లే కదా.

ఆదివారం మా ఊరి చర్చికి పోయేది. వాళ్ళ మతం వేరే శాఖట, ఆ శాఖ గుడి మన చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఉన్నదానికే పోయేది. పోయి, వెనక వరసలో ఆరాధన అయిపోయేదాకా నిలబడే ఉండేది. పాస్టరుగారు ఎన్నోసార్లు "కూర్చోండమ్మా" అన్నారు. "ఆయన ముందు కూర్చుంటారా ఎవరన్నా?" అన్నది. పటాలకు మొక్కడం తప్పని పాస్టరుగారు ఒకసారి ఈమెను దృష్టిలో పెట్టుకునే ప్రసంగం చేశారు. అదీ నిలబడే విన్నది. ఇంటికొచ్చి పటం ముందు దీపం వెలిగించింది. మర్నాడు పాస్టరుగారి భార్యకు జ్వరమని తెలిసి జావ కాచి తీసుకెళ్ళింది. ఆ తర్వాత పటాల సంగతి చర్చిలో ఎత్తలేదని విన్నాను.

వాళ్ళ ఈస్టరు లెక్క కూడా వేరు. చాలా ఏళ్ళు మన చర్చి పండగ అయిపోయిన కొన్ని వారాలకు, ఎండలు ముదిరాక వచ్చేది. ముందు నుంచీ పెద్ద ఉపవాసం. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏవీ ముట్టదు. వట్టి పప్పు, గోంగూర, ఉప్పునీళ్ళలో ఊరేసిన ఉసిరికాయలు. ఆ ఉసిరికాయలు ఆలివు కాయలనుకుని కళ్ళు మూసుకు తినేది. "దగ్గరికి వచ్చింది త్సెల్లీ, ఇంకొంచెం చేదుండాలి" అనేది. ఆ నీరసంతోనే కల్లంలో మాతోపాటు కూర్చుని మిరపకాయల్లో రంగు తప్పిన తాలుకాయలు ఏరేది. ఘాటుకు మొదటి ఏడు కళ్ళు వాచిపోతే, మొగుడు ఓడలో ఇంజను గదిలో పెట్టుకునే పెద్ద కళ్ళద్దాలు తెచ్చి పెట్టుకుంది. ఎర్రటి కల్లం మధ్యలో ఆ కళ్ళద్దాలేసుకుని కూర్చుంటే కూలీలు పని మాని నవ్వేవాళ్ళు. మా ఆయన కూడా ఒక జత తెప్పించమని అడిగాడు, అది వేరే సంగతి.

వచ్చిన మొదటి ఈస్టరుకు ఏం జరిగిందో మా ఊళ్ళో ఇప్పటికీ కథగా చెబుతారు. తెల్లవారుతూనే వీధిలో గగ్గోలు. నేను తలుపు తీసేసరికి మా గడప మీద ఎర్రటి కోడిగుడ్డు. అవతలి పక్కింటి గడప మీద గుడ్డు. ఎదురింటి గడప మీద గుడ్డు. మా వైపు గుమ్మంలో నిమ్మకాయో, కుంకుమో, గుడ్డో కనపడితేనే గుండెలు జారిపోతాయి. అలాంటిది గుడ్డుకే ఎరుపు పూసి పెడితే ఇంకేమన్నా ఉందా? వీధి మొత్తానికి ఎవరో చేతబడి చేశారన్నారు. పిల్లల్ని లోపల పెట్టి తలుపులు వేశారు. మగాళ్ళు ఒక్కరూ ముట్టుకోకుండా పొడుగాటి కర్రలతో గుడ్లను కాలవలోకి దొర్లిస్తున్నారు. మంత్రగాణ్ణి తేవడానికి ఒకాయన అప్పుడే సైకిలెక్కాడు. అక్క మాత్రం వాళ్ళ గుమ్మంలో కొత్తచీర కట్టుకుని నిలబడి, పండగ మొహంతో అందరికీ దణ్ణాలు పెడుతోంది. వీళ్ళ కంగారు చూసి ఇది కూడా ఇక్కడి ఆచారమేమో అనుకుందట.

అసలు సంగతి వాళ్ళ అత్తగారికి ముందే తెలుసు. ఉల్లిపొట్టు వేసి ఉడికించిన గుడ్లు అవి, రాత్రి ఆ ఇంటి పొయ్యి మీదే ఉడికాయి. ఆవిడ వీధిలోకి వచ్చి, ఒకాయన కర్ర కింద నుంచి గుడ్డు లాక్కుని, ఫటేలున గోడకు కొట్టి పెంకు వలిచింది. అందరూ చూస్తుండగా ఉప్పూ కారం అద్దుకుని తినేసింది.

"నా కోడలు వాళ్ళ దేవుడు లేచాడని ఇంటింటికీ గుడ్డు పెడితే కర్రలెత్తుకొచ్చారా సచ్చినోళ్ళారా! కాలవలో పడేసినయ్యన్నీ ఏరుకురండి" అన్నది.

ఏరుకొచ్చారు. మరుసటి ఏడు నుంచి గుడ్డు రాని ఇల్లు అలగడం మొదలైంది. ఉల్లిపొట్టు నెల ముందు నుంచీ వీధంతా దాచిపెట్టి ఇచ్చేవాళ్ళం. గుడ్డుకు గుడ్డు కొట్టి, పగలని గుడ్డు ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టని ఆమె ఒక ఆట కూడా నేర్పింది. ఆ ఆటలో మరిది ఎప్పుడూ వదిన చేతిలో ఓడిపోయేవాడు.

ఆమె మొగుడు ఓడలు మానేసి వచ్చి కొన్నేళ్ళు ఇంటిపట్టున ఉన్నాడు. ఒక చలికాలం గుండె ఆగి పోయాడు. వాళ్ళ ఇంట్లో దహనం చేస్తారు. మా వైపు ఆడవాళ్ళు కాటికి వెళ్ళరు. అక్క వెళ్ళింది. వద్దని నలుగురూ పట్టుకుంటే, "ఇన్నేళ్ళు ఆయన ఓడెక్కుతుంటే గుమ్మంలోనే ఆగిపోయా. ఇవ్వాళ ఆగను" అన్నది. చితి అంటుకుని, అంతా అయ్యేదాకా, చర్చిలో నిలబడ్డట్టే నిలబడింది. ఓడల మనిషి కదా అని అస్థికలు కొత్తపట్నం తీసుకెళ్ళి సముద్రంలో కలిపితే అక్కడికీ వెళ్ళింది. నలభయ్యో రోజున వాళ్ళ పద్ధతిలో గోధుమలు ఉడకబెట్టి, పంచదార కలిపి వీధంతా పంచింది. వీధి చివర బట్టలు కుట్టే సాయిబుగారు ఆ పళ్ళెం అందుకుని "మాకూ నలభయ్యో రోజుకు ఫాతిహా ఉంటదమ్మా" అన్నాడు. అక్క మొహం ఆ రోజు ఒక్క క్షణం వికసించింది.

కాటి నుంచి వచ్చిన రోజు సాయంత్రం మా వెనక గుమ్మంలో కూర్చుని నాతో చెప్పింది. "త్సెల్లీ, ఆయన మీవాడు, మీ పద్ధతిలో పోయాడు. నేనేమన్నా అన్నానా? నన్ను మాత్రం కాల్చవద్దు. పత్తి విత్తనం పెట్టినట్టు మా వాళ్ళు మనిషిని మట్టిలో పెడతారు. దేవుడు పిలిచినప్పుడు లేవాలి."

"దానికేముందక్కా, చర్చి సమాధుల దొడ్డి ఉంది. పాస్టరుగారు కాదంటారా?" అన్నాను.

గడ్డం ఎగరేసింది. ఈసారి అది వద్దు అనడమేనని నాకు తెలుసు. "అక్కడ పెడితే ఊరికి చుట్టాన్ని. మన పొలంలో పెడితే ఇంటి మనిషిని. నేను ఇంటి మనిషినా కాదా?"

అదీ అసలు చిక్కు. ఆమెకు కావలసింది మట్టి, అదీ వాళ్ళ పొలంలో, తూర్పు మూల. పొలం మరిది చేతిలో ఉంది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరినీ పూడ్చలేదు.

ప్రతి ఈస్టరుకూ మరిది దగ్గరకు గుడ్డు తీసుకెళ్ళేది. కొట్టేది. గెలిచేది. "గెలిచా మరిదీ. ఇప్పుడు అడిగేది అడుగుతా. తూర్పు మూల నాకు ఆరడుగులు" అనేది. ఆయన పగిలిన గుడ్డు వంక చూస్తూ "చూద్దాంలే వదినా" అనేవాడు. మా వైపు చూద్దాంలే అంటే ఏమిటో అందరికీ తెలుసు. పొలం కౌలుకివ్వడం ఇష్టంలేనివాళ్ళూ, సంబంధం నచ్చనివాళ్ళూ మొహం మీద కాదనలేక అనే మాట అది. అక్కకూ తెలుసు. తెలిసి కూడా మళ్ళీ ఏడు అడిగేది. మొగుడి మాటెత్తితే ఏడ్చేది కాదు గానీ, ఆ చూద్దాంలే విని ఇంటికొచ్చిన రోజు మాత్రం పటం ముందు చాలాసేపు ఉండేది.

కొడుకుతో చెప్పించాలని చూశాను. మంచి పిల్లవాడు, మిర్చి వ్యాపారం చేసుకుంటాడు, తల్లంటే ప్రాణం. కానీ "బాబాయ్‌ను ఎట్టా కాదంటాను పిన్నీ? నన్ను పెంచింది ఆయనేగా" అన్నాడు. నేనే ఒకసారి పొలం గట్టు మీద పట్టుకుని కడిగేశాను. "ఏం అన్నయ్యా, మీ అమ్మకు చాకిరీ చేసింది ఆ మనిషి. ఎకరాలకెకరాలు ఉన్నాయి. ఆరడుగులు ఇవ్వడానికి మీ ఆచారం అడ్డొచ్చిందా?" అన్నాను. ఆయన మొహం తిప్పుకుని "నువ్వూరుకో చెల్లెమ్మా, నీకు తెలవదు" అన్నాడు. ఆ ఏడు వాళ్ళింటి వైపు చూడటమే మానేశాను, వెనక గుమ్మం నుంచి తప్ప.

ఈ ఏడు అక్క చలికాలం నుంచే మంచం పట్టింది. వాళ్ళ పండగ నాటికి లేవలేకపోయింది. గుడ్లు అక్క కోడలు ఉడికించింది. మరిది మంచం దగ్గరకు వచ్చి కూర్చుని, తనే గుడ్డు ఆమె చేతిలో పెట్టి, తన గుడ్డు దానికేసి కొట్టుకున్నాడు. ఆయనదే పగిలింది. "తూర్పు మూల మరిదీ" అన్నది, గొంతు సరిగ్గా రాలేదు. ఆయన ఏదో అనబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, "చూద్దాంలే వదినా, ముందు నువ్వు లే" అని గబగబా బయటికి వెళ్ళిపోయాడు. నేను పళ్ళు పటపటా కొరికాను. అక్కే నన్ను పట్టుకుని "అడగడం నా పని త్సెల్లీ. నేను అడిగేశా" అన్నది.

ఆ వారంలోనే, తెల్లవారుజామున పోయింది. పండగ తర్వాత ఆ వారమంతా పైన తలుపులు తీసే ఉంటాయని, అప్పుడు పోయినవాళ్ళను గుమ్మంలో ఎవరూ ఆపరని ఆమె నాతో చాలాసార్లు చెప్పింది. పైన సంగతి సరే, నా భయమంతా కింద సంగతి గురించే.

జనం వచ్చారు. పాస్టరుగారు వచ్చారు. మరిది లేడు. వదిన మొహం చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ట్రాక్టరు తీసుకుని పోయాడట. "కట్టెలకు పోయినట్టున్నాడు" అన్నారెవరో. కొడుకు దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని కుదిపాను. వాడు ఏడుస్తూ "బాబాయ్‌ని రానీ పిన్నీ" అన్నాడు. ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. కొంగు బిగించి, ఊళ్ళోకి వచ్చే మలుపు దగ్గర రోడ్డు మధ్యలో నిలబడ్డాను.

ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రక్కు నిండా సరుకు, పైన పట్టా కప్పి తాళ్ళతో కట్టారు. చేతులు చాపి అడ్డంగా నిలబడితే, ఆయన బ్రేకు వేశాడు.

"దిగు అన్నయ్యా! ముందు నా మీద నుంచి పోనిచ్చి తర్వాత ఆ మనిషిని కాల్చు. ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడ్డది. నోరులేని గొడ్డు అడిగినా ఇస్తారు. నీ ఆచారం తగలెయ్యా!" ఇంకా చాలా అన్నాను. అన్నీ రాస్తే బాగుండదు. అక్క అత్తగారి తిట్లన్నీ ఆ రోజు నాకు పనికొచ్చాయి.

ఆయన ఇంజను ఆపి దిగాడు. వెనక్కి వెళ్ళి తాడు విప్పి, పట్టా పక్కకు లాగాడు. కట్టెలు లేవు. ట్రక్కు నిండా ఎర్రమట్టి.

"గరుసమ్మా. కొండ కాణ్ణించి తెచ్చా" అన్నాడు. గరుసంటే చిన్న రాయి కలిసిన ఎర్రమట్టి. నాకేమీ అర్థం కాలేదు.

"మన పెద్దెద్దు చచ్చిపోతే తూర్పు మూలనే పూడ్చా, గుర్తుందా? నిలువులోతు తీయించా. ఎండలొచ్చేసరికి నల్లరేగడి నెర్రెలిచ్చి నోరు తెరిచింది. కుక్కలు..." అని ఆగిపోయాడు. "అది కళ్ళారా చూసినోణ్ణి. మళ్ళా వదినొచ్చి అదే మూల అడగబట్టె. ఇస్తానంటానికి నాకు ధైర్యం లేదు. వద్దంటే ఎందుకంటది. ఆ ఎద్దు సంగతి ఆవిడ మొహం మీద ఎట్టా చెప్పను చెల్లెమ్మా?"

"మరి ఇప్పుడు?"

"పోయినేడు అబ్బాయి గోడౌను కట్టలా? నల్లమట్టి తీయించి గరుసు పోసి, ఆపైన పునాది లేపారు. అప్పుడు తట్టింది. గరుసు నెర్రెలివ్వదు. పండగ నాడు చెబుదామనే కూర్చున్నా. మంచంలో ఉన్న మనిషితో గొయ్యి గురించి నోరాడలా."

"నీ నోరు పడిపోను! ఆ ఒక్క మాట చెప్తే అక్క ఎంత నిమ్మళంగా పోయేది" అన్నాను. అంటూనే ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. గుండె మీద నుంచి ఏదో దించినట్టయింది. రోడ్డు పక్కకు తప్పుకున్నాను.

"ఎక్కడ పెడతన్నావు?" అని మాత్రం అడిగాను, నా చెవులతో వినాలని.

"ఆవిడ అడిగిన కాడే. ఇంటి మనిషిని ఇంకెక్కడ పెడతాం?" అని ట్రాక్టరెక్కాడు.

మిరప పీకేసిన పొలం. కాలు పెడితే మడమ దిగేంత నెర్రెలు. తూర్పు మూల జేసీబీతో పెద్ద గదంత వెడల్పున నల్లమట్టి తీయించి, ట్రక్కు మీద ట్రక్కు గరుసు తెచ్చి నింపించి, దాని మధ్యలో గొయ్యి తీయించాడు. పూడ్చడం తెలియని ఇల్లు కదా, తల ఎటు పెట్టాలో, ముందు మట్టి ఎవరు వేయాలో ఎవరికీ తెలియదు. పడమరకు తల పెడితే లేచినప్పుడు తూర్పు కనపడుతుందని అక్క నాకు చెప్పింది, అదే చెప్పాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పటాల ప్రసంగం చేసిన ఆ మనిషే పెట్టెలో మరియమ్మ పటం ఆమె చేతుల మధ్య సర్ది పెట్టారు. కొడుకు మొదటి పిడికెడు వేశాడు. వీధిలోని ఆడవాళ్ళం కూడా అందరం వేశాం, మమ్మల్ని ఎవరూ వద్దనలేదు.

పూడ్చడం అయింది. అందరూ చేతులు కడుక్కుంటున్నారు. మరిది మాత్రం ఇంకో రెండు ట్రక్కులు తెమ్మని కుర్రాళ్ళను పురమాయిస్తున్నాడు. పాస్టరుగారు "చాలండీ, బాగానే పూడింది. ఇంకా ఎందుకు?" అన్నారు.

ఆయన పాస్టరుగారికి కాదు, నా వైపు తిరిగి చెప్పాడు. "చుట్టూతా కూడా పొయ్యాల చెల్లెమ్మా. లేకపోతే పక్క నెర్రెల్లోంచి ఎండ లోపలికి దిగిద్ది. నీకు తెలవదు. వదిన వచ్చిన మొదటేడు, మధ్యాన్నం పూట ఎండకి ఆగలేక గోనెపట్టా తడిపి కప్పుకుని మా గొడ్లకొట్టంలో పడుకునేది. నేను చూశానని తెలిసి, 'మీ అమ్మకి చెప్పబాకు మరిదీ, ఈ ఊరికి పనికిరానంటది' అన్నది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలా."

అని కండువా తలకు చుట్టుకుని పార తీసుకున్నాడు.